అరిగిన రింగ్ గేరు: మార్చాలా, ఉంచాలా

మీ దగ్గరికి ఒక ఇంజిన్ వస్తుంది. స్టార్టర్ నొక్కితే గర్రుమంటుంది, ఇంజిన్ మాత్రం కదలదు. మళ్లీ నొక్కితే అందుకుంటుంది. దాని తాలూకు మనిషి మీ పక్కనే నిలబడి "మార్చాలా, అక్కర్లేదా?" అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పడమే నా ఉద్యోగం. మిగతావన్నీ చేతిపనులు, ఆర్నెల్లు కష్టపడితే ఎవరికైనా వస్తాయి.

నేను డెబ్బైల మొదట్లో పశ్చిమ గోదావరి నుంచి విశాఖపట్నం వచ్చాను. చేపల రేవు దగ్గర ఒక ప్రైవేటు డీజిల్ వర్క్‌షాపులో పదేళ్ల పైచిలుకు పనిచేశాను. తరవాత స్టీల్ ప్లాంటు కడుతున్న రోజుల్లో ఒక కాంట్రాక్టరు దగ్గర డంపర్లు, డోజర్లు చూశాను. ఏ ఏడు ఏ హోదా వచ్చిందో, ఎవరు సంతకం పెట్టారో రాయను. నాకే సరిగ్గా గుర్తులేదు. పనిలోకి కొత్తగా వస్తున్న మీకు ఉపయోగపడేది ఈ గేరు సంగతి ఒక్కటే అనుకుంటున్నాను. ఎందుకంటే ఇందులో నేను రెండు రకాలుగా తప్పు చెప్పాను. ఆ రెండూ దాచకుండా రాస్తాను.

పళ్లు ఎక్కడ అరుగుతాయి

తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఇంజిన్ వెనకాల ఫ్లైవీల్ అని పెద్ద ఇనప చక్రం ఉంటుంది. దాని అంచు చుట్టూ పళ్లున్న కడియం బిగించి ఉంటుంది, అదే రింగ్ గేరు. స్టార్టర్ మోటారుకి చివర చిన్న పళ్ల చక్రం ఉంటుంది, దాన్ని పినియన్ అంటాం. బటన్ నొక్కగానే ఆ చిన్నది ముందుకు దూకి, పెద్దదాని పళ్లు పట్టుకుని తిప్పుతుంది. ఇంజిన్ అందుకోగానే తన చోటికి తను వచ్చేస్తుంది.

రింగంతా ఒకేలా అరగదు. ఆపిన ప్రతిసారీ ఇంజిన్ ఇంచుమించు అవే చోట్ల ఆగుతుంది. నాలుగు సిలిండర్లదైతే రెండు చోట్ల, ఆరు సిలిండర్లదైతే మూడు చోట్ల. అంచేత పినియన్ దెబ్బ ఎప్పుడూ ఆ నాలుగైదు పళ్ల మీదే పడుతుంది. మిగతావి పెళ్లికొడుకు పళ్లలా నిగనిగలాడుతుంటాయి. ఫ్లైవీల్ మూతకున్న చిన్న కంతలోంచి తొంగిచూసి "పళ్లు బాగానే ఉన్నాయండి" అనే మెకానిక్కుని నమ్మకండి. చక్రాన్ని పూర్తిగా ఒక చుట్టు తిప్పి, ప్రతి పన్నునీ వేలితో తడమాలి. కంటికి ఆనని అరుగుదల గోటికి తెలుస్తుంది.

అరిగాక దారులు నాలుగే. పినియన్ ఒక్కటే మార్చి చేతులు దులుపుకోవచ్చు. అది బద్ధకస్తుల పని, పాత రింగు కొత్త పినియన్‌ని కొన్ని నెలల్లో తినేస్తుంది. రింగుని వేడిచేసి ఊడదీసి, తిరగేసి బిగించవచ్చు. అప్పుడు పళ్లకి రెండో చెంప పనిలోకి వస్తుంది. అది మంచి పనే, కానీ ఒక రింగుకి ఒక్కసారే కుదురుతుంది. వెల్డింగుతో పళ్లు పోసి ఆకురాయితో అరగదీయవచ్చు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నాలుగు రోజులు పోయాక విరుగుతుంది. ఇవేవీ కావంటే కొత్త రింగు.

రేవు వర్క్‌షాపులో నా ఫోర్‌మన్ మూర్తిగారు. కృష్ణా జిల్లా ఆయన. నోరు మంచిది కాదు గాని చెవి చాలా మంచిది, రోడ్డు మీద పోయే లారీకి ఏ సిలిండరు కొట్టడం లేదో కూర్చున్నచోటి నుంచే చెప్పేవారు. ఒకే రోజున మా దగ్గరికి ఐసు ఫ్యాక్టరీ లారీ ఒకటి, చేపల బోటు ఇంజిన్ ఒకటి వచ్చాయి. రెండింటి రింగులూ ఒకేలా అరిగాయి. లారీది తిరగేసి బిగించి పంపించమన్నారు. బోటుకి మాత్రం కొత్తది తెప్పించమన్నారు.

"అరుగుదల రెండింటికీ ఒకటే కదండీ?" అన్నాను.

ఆయన కళ్లద్దాల మీంచి చూశారు. "లారీ ఆగితే నలుగురు దిగి తోస్తారు. సముద్రం మీద బోటు ఆగితే నువ్వెళ్లి తోస్తావటయ్యా?"

షెడ్డులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాకు అర్థమైందనే అనుకున్నాను.

నూకన్న ఇల్లు

వన్ టౌన్‌లో టోకు కొట్ల వెనక సందులో, మేడమీద ఒక గదిలో ఉండేవాణ్ని. పెళ్లి చేసుకోలేదు. పెద్ద కారణం ఏమీ లేదు, ఇవాళ రేపు అనుకుంటూ ఉండగానే వయసు దాటిపోయింది. వారమంతా ఇబ్బంది ఉండేది కాదు. ఆదివారం వస్తే మాత్రం భయమేసేది. కొట్లు మూసేసేవారు, కింద బస్తాలు దింపే కేకలు కూడా వినపడేవి కావు. ఉతికిన చొక్కానే మళ్లీ ఉతికిన రోజులున్నాయి. శనివారం పొద్దుగూకింది మొదలు సోమవారం షెడ్డు తలుపు తీసేదాకా నేను నోరు విప్పే అవసరమే పడేది కాదు.

నూకన్న అలాంటి రోజుల్లో దొరికాడు. రేవు పక్క పేటలో ఉండే చేపలవాళ్ల మనిషి. అన్నదమ్ముల ఉమ్మడి బోటుకి తనే డ్రైవరు. ఒక శనివారం ఇంజిన్ పని పూర్తయ్యాక, చేతులు తుడుచుకుంటూ "బావా, రేపు ఆదివారం గదా. ఏటి సేత్తావు?" అన్నాడు.

"బట్టలుతుక్కుంటాను."

"ఎవలైనా ఇంటే నవ్వుతారు. మా ఇంటికొచ్చీ. మీ సెల్లి వంజరం సేప వొండుతాది."

ఆ ఆదివారం వెళ్లాను. మరి మానలేదు. ఎనిమిదేళ్లు ప్రతి ఆదివారం ఆ ఇంట్లోనే భోంచేశాను. నూకన్న భార్య రమణమ్మకి నా గోదారి మాట తమాషాగా ఉండేది. "మా అన్నయ్య సేపని కూడా అండీ అంటాడు" అని వాకిట్లో ఆడవాళ్లందరికీ చెప్పి నవ్వించేది. నన్ను చూసి ఒకళ్లు అలా నవ్వడం నాకు ఎంత బావుండేదో ఇప్పుడు చెప్పినా మీకు తెలీదు.

ఎర్ర రంగు

ఆ రోజుల్లో మా రేవులో ఒక అలవాటు ఉండేది. దాన్ని పెట్టింది నేనే.

అరిగిన పళ్లు స్టార్టరుకి ఎదురుగా వచ్చి ఆగితేనే గదా చిక్కు? చక్రాన్ని ఒక బెత్తెడు జరిపితే మంచి పళ్లు ఎదురుకొస్తాయి, ఇంజిన్ చక్కగా అందుకుంటుంది. అందుకని అరిగిన చోట ఫ్లైవీల్ అంచు మీద ఎర్ర రంగు పూసేవాణ్ని. బోటు ఆపాక డ్రైవరు ఇంజిన్ గదిలోకి దిగి చూసుకోవాలి. ఎరుపు స్టార్టరు దగ్గరుంటే గడ్డపార పళ్లలో పెట్టి కాస్త జరిపి, పైకొచ్చి బటన్ నొక్కాలి. అంతే. కొత్త రింగు కోసం బోటు కట్టేయక్కర్లేదు.

ఇది రేవంతా పాకింది. "గోదారి మేస్త్రీ రంగు" అనేవారు. కొత్తగా కొన్న బోట్లవాళ్లు కూడా వచ్చి, మాకూ ఆ రంగెయ్యి అని అడిగేవారు. నేను జెట్టీ మీద నడుస్తుంటే రెండు వైపుల నుంచీ పిలుపులు. మూర్తిగారికి మాత్రం నచ్చేది కాదు. "రంగేస్తే పన్ను మొలుస్తుందా?" అని వెక్కిరించేవారు. పెద్దాయనకి అసూయ అనుకున్నాను. అంత పొగరు ఉండేది నాకు.

అక్కర్లేదన్నాను

ఎనభైల మొదట్లో, రొయ్యల సీజను మొదలైన వారంలోనే నూకన్న బోటు వచ్చింది. నాలుగు సిలిండర్ల ఇంజిన్. చక్రం పూర్తిగా తిప్పి తడిమి చూశాను. రెండు చోట్లా పళ్ల చివర్లు సగానికి సగం పోయాయి. రెండేళ్ల క్రితం నేనే దాన్ని తిరగేసి బిగించాను కాబట్టి ఇక రెండో చెంప కూడా లేదు. కొత్త రింగు మద్రాసు నుంచి రావాలి, తక్కువలో తక్కువ పదిహేను రోజులు.

మూర్తిగారు దిగి చూసి, "కొత్తదే వెయ్యాలి. అయినా నీ చేతిలో పెరిగిన బోటు, నువ్వే చెప్పు" అని వెళ్లిపోయారు.

నూకన్న ఇంజిన్ గది గుమ్మం మీద గొంతుకూర్చుని ఉన్నాడు. "సెప్పు బావా. మార్సాలా, అక్కర్నేదా? పదేను రోజులు బోటు కట్టీత్తే ఈ సీజను పోనట్టే. అయినా నువ్వు మార్సమంటే మార్సీత్తాను. నీ మాట కాదంతానా?"

నేను అప్పుడు గేరు వైపు చూడలేదు. నూకన్న మొహం చూశాను. కట్టేయమంటే అన్నదమ్ములంతా ఏమంటారు, రమణమ్మ ఏమనుకుంటుంది, వచ్చే ఆదివారం ఆ పీట మీద ఎలా కూర్చోవడం, ఇవన్నీ ఆలోచించాను. నాకు ఆ ఊళ్లో ఉన్నది ఒక్క ఇల్లు. మాట చేదైతే అదీ ఉండదేమోనని భయపడ్డాను. అరిగిన పళ్ల గురించి నా గోటికి తెలిసిందంతా పక్కకి నెట్టేసి, "అక్కర్లేదు, ఈ సీజను నడిచిపోతుంది. రంగేస్తాను" అన్నాను.

నూకన్న నా వీపు మీద చరిచి లేచాడు. ఆ ఆదివారం కూర రెండుసార్లు వడ్డించారు.

మూడో వారంలో జరిగింది. నేను అక్కడ లేను, బోటు మీద ఉన్నవాళ్లు చెప్పింది రాస్తున్నాను. భీమిలి దాటాక వల తాడు ప్రొపెల్లరుకి చుట్టుకుంటే ఇంజిన్ ఆపి, తాడు కోసి తీశారు. ఈలోగా కెరటాలు బోటుని రాళ్ల వైపు నెడుతున్నాయి. ఇంజిన్ అందుకోలేదు. నూకన్న కిందికి దిగి గడ్డపార పెట్టి చక్రం జరుపుతున్నాడు. పైనున్న కళాసీకి రాళ్లు దగ్గరకొస్తున్నాయని కంగారు పుట్టి, నూకన్న ఇంకా పైకి రాకుండానే బటన్ నొక్కేశాడు. ఈసారి పళ్లు పట్టుకున్నాయి. ఇంజిన్ అందుకుంది. గడ్డపార ఎగిరి నూకన్న కుడి చేతిని ఇంజిన్ దిమ్మకేసి నలిపేసింది.

బోటుకి ఏమీ కాలేదు. అందరూ క్షేమంగా వచ్చారు. నూకన్నకి కుడి చేతికి బొటనవేలు, చిటికెన వేలు మిగిలాయి.

ఆస్పత్రికి వెళ్లాను. రమణమ్మ ఏడుస్తూనే స్టూలు జరిపి "కూకో అన్నయ్యా" అంది. నూకన్న కళ్లు తెరిచి నన్ను చూశాడు. "మేస్త్రీగారా? ఎండనపడి వొచ్చేరు" అన్నాడు. అంతకుముందు ఒక్కసారి కూడా నన్ను అలా పిలవలేదు. కోపం లేదు ఆ గొంతులో. కోపముంటే కాళ్లు పట్టుకుందును. బయటివాణ్ని మర్యాద చేసినట్టు మాట్లాడాడు.

వాళ్లు నన్ను రావద్దనలేదు. నేనే మొహం చెల్లక మానేశాను. రెండు ఆదివారాలు రమణమ్మ కబురు పంపింది. ఒంట్లో బాలేదని చెప్పించాను. తరవాత కబురు రాలేదు.

టిన్నరు డబ్బా, గుడ్డ తీసుకుని బోటు బోటుకీ తిరిగి ఆ ఎర్ర రంగు తుడిచేశాను. కొందరు పోట్లాడారు. "బాగా నడుత్తంటే నీకేటి బాద?" అన్నారు. కొందరు నేను తుడిచి వెళ్లగానే మళ్లీ పూసుకున్నారు. నూకన్న బోటుకి కొత్త రింగు వచ్చిన రోజున మూర్తిగారు నన్ను వేరే పని మీద బయటికి పంపి, తనే బిగించారు. ఒక్క మాట తిట్టలేదు. ఆయన తిట్టి ఉంటే బావుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అన్నీ మార్చేసిన మనిషి

రేవులో ఉండలేక స్టీల్ ప్లాంటు పనుల్లోకి వెళ్లాను. ఎర్ర దుమ్ము, రోజంతా డంపర్ల మోత, ఎవరి ఊరు ఎవరికీ తెలియని జనం. నాకు అదే నయమనిపించింది.

అక్కడ నేను జాగ్రత్తపరుణ్నని పేరు తెచ్చుకున్నాను. నిజం చెప్పాలంటే అది జాగ్రత్త కాదు. రింగు మీద గోరు కాస్త ఆగితే చాలు, మార్చేయమనేవాణ్ని. తిరగేస్తే హాయిగా నడిచేవాటిని కూడా తుక్కులో పడేయించాను. యార్డు ఇన్‌ఛార్జి ఒకాయన, "మీకు కొత్తది తప్ప ఇంకో మాట రాదా మేస్త్రీగారూ? మెకానిక్కు దేనికి మరి, స్టోరు గుమాస్తా చాలడూ?" అని అందరి ముందూ అన్నాడు. తలకొట్టేసినట్టయింది. ఎందుకంటే అది నిజం. నేను తుక్కులో వేయించిన రింగుని ఇంకో మెకానిక్కు తీసుకెళ్లి తిరగేసి ఒక కంప్రెసరుకి బిగించాడు. ఆ పక్క నుంచి వెళ్లినప్పుడల్లా అది ఒక్క దెబ్బకి అందుకోవడం వినేవాణ్ని.

భయంతో చెప్పే మాట కూడా గేరు చూసి చెప్పింది కాదు. ఇది నాకు నేనుగా ఒప్పుకోలేదు. ఒప్పించినవాడు వేరే.

మళ్లీ రేవుకి

సైటులో చేరి మూడేళ్లయ్యాక ఒక మధ్యాహ్నం గేటు దగ్గర ఎవరో వచ్చారన్నారు. నూకన్న. గుళ్లో నిలబడ్డట్టు ఎండలో ఒద్దికగా నిలబడి ఉన్నాడు. కుడి చెయ్యి తువ్వాలు కింద ఉంది.

"మా పెద్దోడు బోటెక్కుతున్నాడు మేస్త్రీగారూ. ఆడే డ్రైవరిప్పుడు. గేరు కొంచెం గర్రుమంతంది. తమరొచ్చి ఒక్కపాలి సూడాల."

"రేవులో మూర్తిగారున్నారు కదా?"

"ఆయన రిటైరైపోయి ఊరెల్లిపోనారు. ఉన్నోల మాట నాకు ఆనటం నేదు."

మర్నాడు సెలవు పెట్టి వెళ్లాను. బోటు అదే, రింగు మూర్తిగారు బిగించినదే. నూకన్న కొడుకు అప్పటికి పెళ్లైన మనిషి, పలకరింపుగా తలూపి చక్రం తిప్పాడు. నేను పైపైన తడిమాను. ఒక చోట మూడు పళ్ల అంచులు కాస్త మొద్దుబారాయి. సగం చుట్టు కూడా పూర్తి కాకుండానే చెయ్యి తీసేసి, "మార్చేయండి" అన్నాను.

నూకన్న గుమ్మం మీద కూర్చుని ఉన్నాడు. తువ్వాలు తీసి, ఆ చెయ్యి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"గేరు సూసి సెప్పేవా? ఈ సెయ్యి సూసి సెప్పేవా?"

నేను వేళ్లకంటిన గ్రీజు గుడ్డకి తుడుచుకుంటుంటే నూకన్నే అన్నాడు.

"ఆ దినం నా మొకం సూసి సెప్పేవు. నాను సూసేను నువ్వు సూడ్డం. నాకూ కావల్సింది ఆ మాటే గనక నోరు మూసుకున్నాను. ఇద్దరం తప్పే సేసేం. ఇప్పుడు నా సెయ్యి సూసి సెప్పకు. ఆడు సముద్రం మీదకెల్తాడు. ఈ సేతికి పోయిన మూడు యేళ్ల లెక్క ఆడికెందుకు? గేరు సూడు."

మళ్లీ వంగాను. ఈసారి కొడుకుని చక్రం నెమ్మదిగా తిప్పమన్నాను. ఒక్కో పన్నూ తడిమాను, రెండు వైపులా, రెండు చుట్లు. స్టార్టరు ఊడదీసి పినియన్ చూశాను. దాని మూతి మీద గరుకు లేచింది. స్టార్టరు బోల్టు ఒకటి వదులై మోటారు కాస్త వాలుగా కూర్చుంది, ఆ గర్రు అందువల్ల. రింగు పళ్లు పైపైన మొద్దుబారాయే గాని లోపల గట్టిగానే ఉన్నాయి. ఈ పని గంటన్నర పట్టింది.

"రింగు మార్చక్కర్లేదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పినియన్ మార్చి, మోటారు సరిగ్గా కూర్చోబెడతాను. ఇంకో రెండేళ్లు ఏ ఢోకా లేదు. ఆ తరవాత మళ్లీ చూడాలి."

"మరైతే అలాగే కానీ" అన్నాడు నూకన్న, కొడుకుతో.

సాయంత్రానికి పని పూర్తయింది. భోజనానికి రమ్మని ఎవరూ అనలేదు, నేనూ ఆశపడలేదని చెబితే అబద్ధం. గదికొచ్చి అన్నం వండుకున్నాను. ఆ బోటు సముద్రం మీదున్న నాలుగు రోజులూ నాకు అన్నం సయించలేదు. ఐదో రోజు సైటు నుంచి రెండు బస్సులు మారి వెళ్లి, జెట్టీకి కట్టి ఉన్న బోటుని దూరం నుంచి చూసి వచ్చేశాను.

మీకు చెప్పదల్చుకున్నది ఇదే. మీ ముందు కూర్చున్న మనిషి మీద ప్రేమ ఉంటుంది, జాలి ఉంటుంది, మీ పాత తప్పు ఉంటుంది. ఇవేవీ లేకుండా పని చెయ్యమని నేను చెప్పను, అలాంటివాడు మెకానిక్కుగా కూడా పనికిరాడు. కానీ జవాబు చెప్పే ముందు చక్రం పూర్తిగా తిప్పండి. ఆ కాసేపు మీకు ఎవరూ ఉండరు. ఒంటరిగానే ఉంటారు, ఉండాలి కూడా.

రెండేళ్లకి నేనే వెళ్లాను, ఎవరూ కబురు పెట్టకుండానే. నూకన్న ఒడ్డున కూర్చుని, వలని కాలి బొటనవేలికి తగిలించి ఎడం చేత్తో అల్లుతున్నాడు. నన్ను చూసి కొడుకుని కేకేశాడు. నేను దిగి రెండు చుట్లు తడిమి చూశాను. రెండు చోట్లా అంచులు పోయాయి. ఒడ్డుకొచ్చి, "ఇప్పుడు మార్చాలి" అన్నాను.

నూకన్న నన్ను ఏమీ అడగలేదు. నా మొహం వైపు కూడా చూడలేదు. వల మీంచి తల ఎత్తకుండానే కొడుకుతో, "మార్సాలంట. మద్రాసుకి కబురెట్టు. అందాకా బోటు కట్టీ" అన్నాడు.

చేతులు తుడుచుకుని రోడ్డు మీదికొచ్చాను. బస్సు కోసం నిలబడితే ఏడుపు ఆగలేదు. పక్కనే చేపల గంప దింపుకుని కూర్చున్న ముసలావిడ, "ఏటయ్యింది బాబూ?" అని అడిగింది.

"ఏం లేదమ్మా. గేరు మార్చాలన్నాను, సరే అన్నారు" అన్నాను.